కాలి ఎముకతో దవడ కట్టించుకున్నవారు దయచేసి చెప్పండి

మా నాన్నగారికి 58 ఏళ్లు. చిగుళ్ల క్యాన్సర్ కింది దవడ ఎముకలోకి పాకింది. ఎడమవైపు దవడ తీసేసి, కాలి ఎముకతో కొత్తది కట్టాలన్నారు డాక్టర్లు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదాన్ని, అంటే ఫిబ్యులాను, రక్తనాళాలతో సహా తీస్తారట. దవడ వంపు వచ్చేలా దాన్ని ముక్కలుగా కోసి, టైటానియం ప్లేటుతో బిగించి, ఆ నాళాలను మెడలోని నాళాలకు కుడతారు. ఒంటి బరువు మోసేది పెద్ద ఎముకే కాబట్టి నడకకు భయం లేదన్నారు. అంతవరకు అర్థమైంది.

అర్థం కానిది ఆ తర్వాతి రోజులే. నిన్న రాత్రి నాన్నగారు పెరుగన్నం మెత్తగా పిసికి, కుడి బుగ్గన ఒక్కో ముద్ద పెట్టుకుంటూ, ఎడమ దవడను వేళ్లతో తడుముకుంటూ కూర్చున్నారు. చూడలేకపోయాను.

ముక్కులో గొట్టం ఎన్నాళ్లు ఉంచారు? మాట ఎప్పటికి స్పష్టమైంది? రేడియేషన్ తర్వాత నోరు బిగుసుకుపోకుండా ఏ వ్యాయామాలు చేయించారు? కొత్త ఎముకలో పళ్లు పెట్టించుకున్నవారు ఎంతకాలం ఆగారు? ఆయన రైతు, పొలం గట్ల మీద నడవాలి, గొంతుక్కూర్చోవాలి, చీలమండ సహకరిస్తుందా?

ఆపరేషన్ వచ్చే వారమే. నాటుమందులు సూచించవద్దని వేడుకుంటున్నాను. మీరు పడ్డ ఇబ్బందులు కూడా దాచకుండా రాయండి, ముందే తెలిస్తే సిద్ధపడతాం.