రేంజ్‌ఫైండరా, ఎస్ఎల్ఆరా? రెండూ వాడినవాళ్లు చెప్పండి

కొత్తరీలు:
ఇన్నాళ్లూ ఫోన్‌తోనే తీశాను, ఇప్పుడు ఫిల్మ్ మొదలుపెడుతున్నా. రెండు పాత కెమెరాల దగ్గర ఆగిపోయాను: పెంటాక్స్ కె1000 (ఎస్ఎల్ఆర్), కానొనెట్ క్యూఎల్17 జీ3 (రేంజ్‌ఫైండర్). తీసేది ఎక్కువగా మా బాబునే, ఇంట్లోనే, సాయంత్రం పూట. ఏది తీసుకోమంటారు?

పాతలెన్స్:
ఇంట్లో, సాయంత్రం అన్నారు కాబట్టి రేంజ్‌ఫైండరే అంటాను. ఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌లోంచి వచ్చే వెలుతురే కంటికి చేరుతుంది, దీపాల వెలుగులో ఫోకస్ కుదిరిందో లేదో ఒక పట్టాన తేలదు. కానొనెట్‌లో చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీ మధ్యలో చిన్న పసుపు మచ్చ ఉంటుంది, అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు, రింగు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి, అంతే, నొక్కేయడమే. నేనైతే కళ్లజోడు అంచునో చొక్కా గుండీనో చూసుకుని కలుపుతాను. ఎస్ఎల్ఆర్‌లోలా నొక్కగానే పైకి లేచే అద్దం లేదు కనుక కుదుపు తక్కువ, షట్టర్ సెకనులో 1/15 వంతు తెరిచి ఉన్నా నాకు చాలా ఫోటోలు స్పష్టంగా వచ్చాయి.

దగ్గరిచూపు:
పాతలెన్స్ గారూ, వెలుతురు సంగతి ఒప్పుకుంటా, కానీ చిన్నపిల్లలు దూరంగా ఎక్కడుంటారండి? కానొనెట్ 80 సెం.మీ. కంటే దగ్గరగా ఫోకస్ అవ్వదు. మా పాప పుట్టిన వారానికి తన పిడికిలి తీద్దామని బాగా దగ్గరికి వెళ్లాను, మచ్చ కలిసిందో లేదో సరిగా చూడలేదు, కిటికీలో మాత్రం అంతా స్పష్టంగానే ఉంది (అందులో ఎప్పుడూ అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి, అదే ప్రమాదం). రీలు కడిగించాక చూస్తే పిడికిలి మసక, వెనక దుప్పటి మీద కుట్టు మాత్రం పోగుపోగునా తెలుస్తోంది. ఆ పిడికిలి మళ్లీ రాదు కదా. కె1000 మీద పెట్టే 50 మి.మీ. లెన్స్ 45 సెం.మీ. దాకా వెళ్తుంది, ఏది మసకో నొక్కకముందే కంటికి తెలిసిపోతుంది.

చేతిమీటర్:
కానొనెట్ కొనేవాళ్లు బ్యాటరీ సంగతి ముందే చూసుకోండి. అందులో వెలుతురు కొలిచే మీటర్ 1.35 వోల్టుల పాదరసం సెల్‌ కోసం చేసింది, ఆ సెల్ ఇప్పుడు తయారు కావడం లేదు. ఆల్కలైన్ వేస్తే ఉన్న వెలుతురు కంటే ఎక్కువ చూపిస్తుంది, ఫోటోలు చీకటిగా వస్తాయి. జింక్-ఎయిర్ సెల్ బాగానే పనిచేస్తుంది, త్వరగా అయిపోతుంది గానీ. మాన్యువల్‌లో పెడితే, అంటే సెట్టింగులన్నీ మనమే పెట్టుకుంటే, అసలు మీటరే పనిచేయదు. కె1000కి మామూలు 1.5 వోల్టుల బటన్ సెల్ చాలు, అది అయిపోయినా షట్టర్ ఆగదు. పాత రేంజ్‌ఫైండర్ ఏది కొన్నా ముందు రింగును చివరిదాకా, అనంతానికి తిప్పి దూరంగా ఉన్న స్తంభాన్ని చూడండి, మచ్చలో రెండు స్తంభాలు కనిపిస్తే అమరిక తప్పినట్టే.

పాతలెన్స్:
దగ్గరి సంగతి నిజమేనండి. నేను తీసేది బల్లకు అటువైపు కూర్చున్న పెద్దవాళ్లని, అందుకే నాకు ఆ ఇబ్బంది తెలియలేదు.

కొత్తరీలు:
ఇవన్నీ చదివి టేపు పెట్టి కొలిచాను. బాబు ఒళ్లో కూర్చుంటే వాడి ముక్కు నా కంటికి 50 సెం.మీ. దూరంలో ఉంది. కె1000 తీసుకుంటున్నా. తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 400 ఐఎస్ఓ ఫిల్మ్ వేసి, వాణ్ని దీపం పక్కనే కూర్చోబెట్టి తీస్తాను. మొదటి రీలు కడిగించాక ఇక్కడే పెడతా.