1976 నాటి స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారును తక్కువ ఖర్చుతో పూర్వరూపానికి తేవడం ఎలా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక గ్యారేజ్ సేల్‌లో, 1976 నాటిదని చెప్పిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నాకు చవకగా దొరికింది. పాత యజమాని బ్రిడ్జి (తీగలు ఆనే భాగం) దగ్గర చెక్కను తొలిచి, పిక్‌గార్డును (గిటారు ముందువైపు పలకను) కోసి హంబకర్ (తీగల కంపనాన్ని పట్టే రెండు చుట్టల పికప్) బిగించారు. పైగా వాల్యూమ్ నాబ్ తిప్పితే కరకర శబ్దం వస్తోంది. ఆ గుంతను పూడ్చి, మళ్ళీ రంగు వేయాలా?

జవాబు 1: రంగు జోలికి దయచేసి వెళ్ళకండి. గీతలు పడినా సరే, అసలు పూతను గీకేస్తే పాత గిటారు విలువ బాగా పడిపోతుంది. గుంత ఎలాగూ పిక్‌గార్డు కిందే ఉంటుంది కనుక, మూడు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లకు సరిపోయే 11 రంధ్రాల కొత్త గార్డు బిగిస్తే అది కనిపించదు. ముందుగా పాట్ల (నాబ్‌ల కింద ఉండి శబ్దాన్ని సర్దే విద్యుత్ భాగాల) మీది అంకెలు చూడండి: 1377633 అని ఉంటే 137 వాటిని తయారుచేసిన సీటీఎస్ సంస్థను, 76 సంవత్సరాన్ని, 33 వారాన్ని సూచిస్తాయి. అయితే అది పాట్ వయసే తప్ప గిటారు వయసు కాదు. ఆ కాలపు మెడకు వెనుక మూడు బోల్టులుంటాయి, నాలుగుంటే అనుమానించాల్సిందే.

జవాబు 2: కరకరకు కారణం చాలాసార్లు దుమ్మే. పాట్‌లోకి కొద్దిగా కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, నాబ్‌ను ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. హంబకర్ కోసం 500 కిలో ఓముల పాట్ వేసి ఉంటే, సింగిల్ కాయిల్‌కు 250ది మార్చండి. టంకానికి రోజిన్ (చెట్టు జిగురు) ఉన్న తీగే వాడండి, ప్లంబింగు ఫ్లక్స్ (గొట్టాల అతుకులకు రాసే లేపనం) వద్దు. తీసిన భాగాలను మాత్రం పారేయకండి.

ప్రశ్నించినవారు: మెడకు మూడు బోల్టులే ఉన్నాయండీ! గార్డు కొంటున్నాను.