జర్మనీలో గ్రీన్స్ పార్టీ అసలు ఏ విషయంలో ఏమంటుంది? మొదటి ఓటు నాది

కొత్త ఓటరు:
అందరికీ నమస్తే. స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం, వచ్చి తొమ్మిదేళ్లు, మొన్ననే సిటిజన్‌షిప్ వచ్చింది (ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేసిన రోజు మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, అది వేరే కథ). ఆఫీసులో గ్రీన్స్ పేరెత్తితే చాలు ఒకడు "అన్నీ నిషేధించే పార్టీ" అంటాడు, ఇంకొకడు అణు కరెంటు ఆపేసి బిల్లులు పెంచింది వాళ్లే అంటాడు, మా ఇంటి ఓనరు ముసలాయనేమో నలభై ఏళ్లుగా వాళ్లకే వేస్తున్నాట్ట. నాకు వాళ్ల గుర్తు పొద్దుతిరుగుడు పువ్వు అని తప్ప ఏం తెలీదు. కాస్త చెప్పండి.

రైన్ ఒడ్డు:
ముందు అణు సంగతి. ఆ పార్టీ 1980లో కార్ల్స్‌రూహెలో పుట్టిందే అణు వ్యతిరేక గొడవల్లోంచి కాబట్టి వద్దనే అంటారు, దాంట్లో దాపరికం లేదు. ఎస్పీడీ అనే సోషల్ డెమోక్రాట్ల పార్టీతో కలిసి ప్రభుత్వంలో ఉన్నప్పుడు 2002లో మూసేయాలని చట్టం చేశారు. 2010లో అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ గడువు పెంచింది, ఏడాది తిరక్కుండా జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం అయ్యేసరికి మళ్లీ ఆవిడే మూసేద్దాం అంది. 2022 చివరికి ఆగాల్సినవి కూడా రష్యా గ్యాస్ గొడవ వల్ల ఇంకో మూడున్నర నెలలు నడిపి 2023 ఏప్రిల్ 15న చివరి మూడూ ఆపేశారు, అప్పుడు ఆర్థిక మంత్రి గ్రీన్స్ హాబెక్కే. తప్పో ఒప్పో, మొత్తం తెచ్చి ఒక్కళ్ల నెత్తిన పెడితే ఎలా?

ఇల్లుగలోడు:
అన్నా నిషేధాల పార్టీ అన్న పేరు గట్టిగా అంటుకున్నది హీటింగ్ చట్టంతోనే. నాది పాత ఇల్లు, సెల్లార్‌ల గ్యాస్ బాయిలర్, 2023ల డ్రాఫ్ట్ లీక్ అయిన వారం మా వీధిల ఒకటే లొల్లి, పక్కింటాయన దొరకదేమోనని కొత్త గ్యాస్ బాయిలరే కొని పెట్టించిండు! తీరా చట్టం చదివితే ఏముంది, ఉన్న బాయిలర్ నడుపుకో, రిపేర్ చేయించుకో, 2024 నుంచి కొత్త లేఅవుట్లల్ల కట్టే ఇండ్లకే హీటింగ్‌ల 65 శాతం రెన్యువబుల్ ఎనర్జీ ఉండాలె అన్న రూల్, పాతిండ్లకు ఊరోళ్లు హీటింగ్ ప్లాన్ వేసే గడువు దాకా టైమిచ్చిండ్రు. గ్యాస్ బదులు కరెంటుతో నడిచే హీట్ పంప్ పెడితే సబ్సిడీ 70 శాతం దాకా పెట్టిండ్రు, ఒక్క ఇంటికి 30,000 యూరోల ఖర్చు వరకే లెక్క. మరి ఇదే ముందు చెప్పొచ్చు కద? పాలసీ తప్పని నేననను, చెప్పుడు రాలే వాళ్లకు. 2025ల వచ్చిన ప్రభుత్వం దాన్ని మారుస్తమన్నది.

బెర్లిన్ అక్క:
నాకు వాళ్ల మీద కోపం వేరే చోట. లూట్సెరాత్ అనే ఊరు బొగ్గు గని కోసం ఖాళీ చేయించారు, 2023 జనవరిలో, బురదలో పోలీసులు కుర్రాళ్లని ఎత్తుకెళ్తుంటే టీవీలో చూశాం. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది గ్రీన్స్ మంత్రులే, బదులుగా ఆ ప్రాంతంలో బొగ్గు 2038 కాదు 2030కే ఆపుతాం అన్నారు. లెక్క ప్రకారం లాభమేనేమో, మనసుకి మాత్రం ఎక్కలేదు. శాంతి ఉద్యమం పార్టీ అయ్యుండి ఉక్రెయిన్‌కి ఆయుధాలు ఇవ్వాలని ముందు నిలబడిందీ వీళ్లే, అది మాత్రం నాకు సబబే అనిపించింది.

తమ్ముడూ, నీకు పనికొచ్చేది ఒకటి చెప్తా. సిటిజన్‌షిప్‌కి ఇక్కడ ఉండాల్సిన గడువుని ఐదేళ్లకి తగ్గించిన 2024 చట్టం వీళ్లున్న ప్రభుత్వానిదే. 2025 ఎన్నికల్లో 11.6 శాతం ఓట్లకి పడిపోయి ప్రతిపక్షంలోకి వెళ్లబోతున్నా, రోడ్లూ రైళ్లలాంటి వాటి కోసం పెట్టిన 500 బిలియన్ యూరోల ఫండ్‌కి మద్దతు కావాల్సొచ్చినప్పుడు 100 బిలియన్లు క్లైమేట్‌కి పెట్టించుకునే ఓటేశారు. బేరం వచ్చు వాళ్లకి.

కొత్త ఓటరు:
థ్యాంక్స్ అక్కా, అందరికీ. ఆటోబాన్ మీద 130 స్పీడ్ లిమిట్ కూడా వీళ్ల డిమాండే అని ఇప్పుడే చూశా. నా పాత కారు 120 దాటితే స్టీరింగ్ వణుకుద్ది, నాకేం అభ్యంతరం లేదు, మా బాసే ఒప్పుకోడు.