వేడెక్కితే ఆగిపోతున్న పాత కారు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పాతచక్రం:
ఇక నా వల్ల కావట్లేదు. పొద్దున్నుంచి ఐదు గంటలు బానెట్ కిందే ఉన్నాను. చల్లగా ఉన్నప్పుడు సగం సెల్ఫుకే అందుకుంటుంది. ఇరవై నిమిషాలు నడిచాక రెండు మూడు కుదుపులు, అంతే, ఆగిపోతుంది. సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. అరగంట వదిలేస్తే మళ్ళీ మామూలే. ప్లగ్గులు కొత్తవి, పెట్రోల్ ఫిల్టర్ కొత్తది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, బ్యాటరీ కొత్తది. ఇంకేం మిగిలింది? ఇంట్లో అందరూ అమ్మేసి కొత్తది తీసుకోమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. దారి చెప్పండి.

మల్టీమీటర్:
కార్బురేటరా, ఇంజెక్షనా? పాయింట్లా (నిప్పు కోసం కరెంటును తెంపి కలిపే పాతరకం స్విచ్చు), ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా? ఆగిపోయిన క్షణంలో కరెంట్ వస్తోందా, పెట్రోల్ వస్తోందా? ఇవేవీ లేకుండా ఎవరేం చెప్పినా ఊహే.

సైలెన్సర్:
కండెన్సర్ మార్చండి.

నీలిమంట:
నూటికి తొంభై వంతులు ఇది వేపర్ లాక్. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్లకు అదే శత్రువు, ఎవరూ పట్టించుకోవడం లేదు. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను చూసి సర్దుకుంటుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే జెట్ రంధ్రం మారదు కదా, మిశ్రమం పల్చనవుతుంది, ఇంజన్ వేడిగా నడుస్తుంది. దానికి తోడు ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరు పైపుల్ని లోపలి నుంచి పాడుచేస్తుంది. పైకి బాగానే కనిపిస్తాయి, లోపల పొరలు లేచి నల్లటి తునకలు జెట్లలో చిక్కుకుంటాయి. ముందు పైపులన్నీ ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చేసి ఉన్నవి వేయించండి. వాటి లోపలి పొర ఫ్లోరో రబ్బరు. ఆర్6, ఆర్7 అని ఉన్నవి వద్దు. బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు నిండా నింపి పెట్టండి. ఖాళీ ఎక్కువైతే తేమ చేరుతుంది, నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుక్కు దిగిపోతుంది.

మల్టీమీటర్:
పైపుల సంగతి నిజమే, మార్చాల్సిందే. కానీ ఆయన అడిగిన దానికి అది జవాబు కాదు.

పాతచక్రం:
కార్బురేటరే అండీ, పాత కారు అన్నాను కదా. పాయింట్లే. ఆగిపోయినప్పుడు పెట్రోల్ వాసన బాగా వస్తోంది.

జెట్‌నీడిల్:
వాసన వస్తోందంటే అది వేపర్ లాక్ కాదు, పెర్కొలేషన్. రెండిటినీ ఒకే మాటతో పిలవడం వల్లే సగం మంది తప్పు భాగం మారుస్తున్నారు. వేపర్ లాక్ అంటే పైపులోనో పంపులోనో పెట్రోల్ ఆవిరై, పంపు ఆ ఆవిరినే పిండుతూ ఉండటం. కార్బురేటర్ గిన్నెకు పెట్రోల్ చేరదు, ప్లగ్గులు పొడిగా ఉంటాయి. పెర్కొలేషన్ అంటే గిన్నెలోనే పెట్రోల్ మరిగి జెట్ల గుండా ఇంజన్‌కు వెళ్ళే గొట్టంలోకి (మ్యానిఫోల్డ్) పొంగిపోవడం. ప్లగ్గులు తడుస్తాయి. మొదటిదానికి మందు చల్లదనం. రెండోదానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, పంప్ చేయకుండా, సెల్ఫ్ కొట్టడం.

నీలిమంట:
మెకానిక్కులందరూ రెండిటినీ వేపర్ లాక్ అనే అంటారు. మాట పట్టుకుని లాగితే లాభమేంటి?

జెట్‌నీడిల్:
మాట ఒకటైతే వైద్యమూ ఒకటే చేస్తారు. పెర్కొలేషన్ ఉన్న బండికి ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తే జబ్బు ముదురుతుంది. పాత మెకానికల్ పంపు ఒత్తిడి ఏ 0.2 నుంచి 0.35 బారో ఉంటుంది. దాని చోట ఎక్కువ ఒత్తిడిది పెడితే గిన్నెలోకి పెట్రోల్ రాకుండా మూసే నీడిల్ వాల్వ్ దాన్ని ఆపలేదు, గిన్నె పొర్లుతుంది. అందుకే అంటున్నా.

ఇంకొక మాట. పెర్కొలేషన్ ఎక్కువగా బండి ఆపిన పది పదిహేను నిమిషాలకు వస్తుంది, ఎందుకంటే అప్పుడు ఫ్యాను లేదు, గాలి లేదు, ఇంజన్ వేడంతా కార్బురేటర్‌కు ఎక్కుతుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, అప్పుడు వాసన వస్తోందంటే, కరెంట్ పోయాక సెల్ఫ్ కొట్టి కొట్టి మీరే పెట్రోల్ నింపి ఉండొచ్చు.

మల్టీమీటర్:
ఇదీ విషయం. పాతచక్రం గారూ, ఈసారి ఆగిపోగానే కంగారుపడి సెల్ఫ్ కొట్టకండి. ఈ వరుసలో చూడండి.

ముందు ట్యాంకు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి అందుకుంటే మూత గాలిరంధ్రం పూడిపోయినట్టు. సమస్య అక్కడితో అయిపోయింది.

కాకపోతే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజన్ ఆపి ఉండగా కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లివర్‌ను చేత్తో ఒకసారి లాగండి. సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే గిన్నెలో పెట్రోల్ ఉంది. ధార లేకపోతే పంపు, పైపుల వైపు వెళ్ళాలి.

ధార వస్తే ఫిల్టర్ మూత పెట్టేసి, పెట్రోల్ ఆవిరి పోయేదాకా కొంచెంసేపు ఆగండి. ఆ తర్వాత కరెంట్ చూడాలి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంట్ పంచేది) మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, వేరే ప్లగ్గు ఒకటి దానికి తగిలించి, ప్లగ్గు లోహపు భాగం ఇంజన్‌కు గట్టిగా ఆనేలా కార్బురేటర్‌కు దూరంగా కట్టండి. చేత్తో పట్టుకోవద్దు. ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టక్ టక్ మని వినిపించేలా నిప్పు రావాలి. ఎర్రగా సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది), కండెన్సర్ (పాయింట్ల మీద నిప్పు ఎగరకుండా ఆపేది), పాయింట్లు, ఈ మూడిట్లోనే ఉంది.

నల్లనూనె:
అందరూ కరెంటూ పెట్రోలూ అంటున్నారు, ఆయిల్ ఏం పోస్తున్నారో ఎవరూ అడగలేదు. పాత ఇంజన్లలో ఫ్లాట్ టాపెట్లు (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే ముక్కలు) ఉంటాయి. క్యామ్ లోబు టాపెట్ మీద రాసుకుంటూ జారుతుంది, ఆ రాపిడిని ఓర్చేది జింక్ ఫాస్ఫరస్ కలిపిన జెడ్‌డీడీపీ పొరే. కొత్త ఆయిళ్ళలో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని దాన్ని తగ్గించారు. ఎపిఐ ఎస్ఎం అనే ఆయిల్ ప్రమాణం నుంచి పల్చటి గ్రేడ్లలో ఫాస్ఫరస్ 0.08 శాతానికి మించకూడదు. ఫ్లాట్ టాపెట్‌కు 0.10 నుంచి 0.12 ఉంటే మంచిది. ఖరీదైన కొత్త ఆయిల్ పోసి మేలు చేశాననుకుంటే క్యామ్ అరిగిపోతుంది. కంపెనీ డేటా షీట్‌లో ఫాస్ఫరస్ శాతం చూసి కొనండి.

మల్టీమీటర్:
అన్నా, మంచి మాటే. వేడెక్కితే ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేదు.

పాతచక్రం:
చూశాను. మూత తెరిచినా మార్పు లేదు. ధార వస్తోంది. కరెంట్ ఎర్రగా ఒకసారి వచ్చి, తర్వాత లేదు. కాయిల్ మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలుతోంది. కానీ కాయిల్ కూడా కొత్తదే, రెండు నెలల క్రితం వేశాను.

మల్టీమీటర్:
అది మొదటి పోస్టులో ఉండాల్సిన సంగతి! మార్చినవాటి జాబితాలో కాయిల్ లేదు. సమస్య ఎప్పుడు మొదలైంది, కాయిల్ మార్చకముందా, తర్వాతా?

పాతచక్రం:
తర్వాతేననుకుంటా. పాతది ఆయిల్ కారుతోందని మార్చాను. కొత్త భాగం కదా, అనుమానించలేదు.

మల్టీమీటర్:
సన్న వైర్లు రెండూ ఊడదీసి, కాయిల్ ప్లస్ మైనస్ మధ్య ఓమ్‌లు కొలవండి, చల్లారాక. మీటరు ముల్లులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేయండి. చిన్న కొలతల్లో ఆ తేడాయే మోసం చేస్తుంది.

పాతచక్రం:
1.5 వస్తోంది.

మల్టీమీటర్:
దొరికింది. అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించేది) వాడాల్సిన కాయిల్. మీ బండిలో రెసిస్టర్ లేకపోతే ఇంజన్ నడిచేటప్పుడు 13.8 వోల్టులు నేరుగా దాని మీదే పడతాయి. 13.8ని 1.5తో భాగించండి, 9 ఆంపియర్ల పైనే. 3 ఓమ్‌ల కాయిల్ అయితే 4.6. రెట్టింపు కరెంట్, రెట్టింపు వేడి. వేడికి లోపలి చుట్ల మధ్య ఇన్సులేషన్ తట్టుకోలేక కరెంట్ లోపలే దూకేస్తుంది, ప్లగ్గు దాకా రాదు. చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది. మీ అరగంట లెక్క అదే.

రెసిస్టర్ ఉందో లేదో తేల్చుకోవాలంటే: వైర్లు మళ్ళీ తగిలించి, తాళం ఆన్, ఇంజన్ ఆఫ్, పాయింట్లు మూసి ఉండాలి. కాయిల్ ప్లస్‌కూ ఇంజన్‌కూ మధ్య వోల్టులు చూడండి. 6 నుంచి 9 వస్తే రెసిస్టర్ ఉన్నట్టు. దాదాపు బ్యాటరీ అంత వస్తే లేనట్టు. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటే పారదు, రెసిస్టర్ ఉన్నా 12 చూపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. కొలత అవగానే తాళం తీసేయండి, అలాగే వదిలేస్తే కాయిల్ ఇంకా కాలుతుంది.

జెట్‌నీడిల్:
కొన్ని బండ్లలో రెసిస్టర్ విడిగా తెల్ల పింగాణీ ముక్కలా ఉండదు, వైరింగ్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా ఉంటుంది. కంటికి కనపడలేదని లేదనుకోవద్దు, కొలవాల్సిందే.

సైలెన్సర్:
కండెన్సర్ కూడా మార్చండి. పాయింట్లు కూడా. అంత కరెంట్‌కు మాడి ఉంటాయి.

పాతచక్రం:
పాయింట్లు మూసి చూశాను. 11.9.

మల్టీమీటర్:
రెసిస్టర్ లేదు. 3 ఓమ్‌ల కాయిల్ వేయండి, పని తేలిక. పాయింట్లు బయటికి తీసి చూడండి. ఒకవైపు గుంట, ఎదురుగా బొడిపె కనిపిస్తే ఆకురాయితో రుద్ది సరిపెట్టకండి, మార్చేయండి. సందు మీ బండి మాన్యువల్లో ఎంతుంటే అంత, సాధారణంగా 0.4 నుంచి 0.5 మి.మీ. డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద గ్రీజు మినపగింజంత, అంతకు మించితే చిమ్మి పాయింట్ల మీద పడి మళ్ళీ మాడతాయి. పాయింట్లు మారిస్తే టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే క్షణం) కూడా చూసుకోవాలి, సందు మారితే టైమింగ్ జరుగుతుంది.

కొత్తదారి:
ఇంత శ్రమ దేనికి? ఆ బండిలో ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. గుద్దుకుంటే ముందు భాగం నలిగి దెబ్బను మింగే నిర్మాణం లేదు. పొగ సంగతి వేరే. ఇంట్లో వాళ్ళు చెప్పింది సబబే.

నీలిమంట:
పొగ లెక్క అంత సూటిగా లేదు. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. పాతది లీటరుకు 12, కొత్తది 20 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. ఏడాదికి 10,000 కి.మీ. నడిపితే 333 లీటర్లు మిగులు, అంటే 766 కిలోలు. కొత్త కారు తయారీలోనే 5 టన్నులు వెలువడ్డాయనుకుంటే ఆ బాకీ తీరడానికి ఆరున్నరేళ్ళు. అదే ఏడాదికి 3,000 కి.మీ. మాత్రమే నడిపేవాళ్ళకు ఇరవై ఒక్కేళ్ళు దాటుతుంది. ఎంత నడుపుతారన్నది ముందు అడగాలి.

కొత్తదారి:
కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే పొగ కాదు. కన్వర్టర్ లేని బండి వదిలే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి పక్కన నడిచేవాడి ముక్కులోకే పోతాయి. ఆ లెక్క కూడా వేయండి. ప్రాణభద్రతకు ఏ లెక్కా లేదు.

గుంతలరోడ్డు:
భద్రత దగ్గర కొత్తదారి గారి మాట కొట్టిపారేయకూడదు. బండిని ఉంచుకోవాలా వద్దా అన్నది కాయిల్ తేల్చదు, తుప్పు తేలుస్తుంది. ఇంజన్‌లో ఏ భాగమైనా మార్చుకోవచ్చు, చాసిస్ కరిగిపోతే బండి లేనట్టే. జాకీ ఎక్కించే చోట, తలుపుల కింది పెట్టెభాగం, ముందు సస్పెన్షన్ పైకొచ్చి బిగిసే గుబ్బలు, వెనక స్ప్రింగు బిగింపులు, సీట్‌బెల్టు బోల్టులు, ఇవి చూడండి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించండి. అతుక్కోకపోతే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పి పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. ఈ చోట్లలో తుప్పు రేకును తినేసి ఉంటే ఇంజన్ ఎంత బాగున్నా వదిలేయండి.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో వచ్చే ఒత్తిడి. ఇంజన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ కరెంట్ ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే నిశ్చింత. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెటో.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్చాలి. అది తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలకు గానీ మరగదు, తడిసిందైతే 140కే మరగొచ్చు. ఘాట్ దిగుతూ పెడల్ నేలకు అంటుకునేది అందుకే. బ్రేకుల రబ్బరు పైపులు లోపల ఉబ్బితే నూనె వెళ్తుంది, వెనక్కి రాదు. బ్రేక్ వదిలినా చక్రం పట్టేసుకునే ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉండొచ్చు.

కొత్తదారి:
ఇదంతా చేయించి పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. చేయించకుండా ప్రేమతో నడిపేవాళ్ళతోనే నా బాధ.

నల్లనూనె:
కంప్రెషన్ పరీక్షకు పోసే ఆ చెంచాడు ఆయిల్‌లో కూడా జింక్ ఉన్నదే...

జెట్‌నీడిల్:
అన్నా, దానికి ఏ ఆయిలైనా ఒకటే.

పాతచక్రం:
3.1 ఓమ్‌ల కాయిల్ వేశాను. గంటన్నర నడిపాను, ఆగలేదు. కాయిల్ మీద చెయ్యి నిలుస్తోంది. పాయింట్లలో నిజంగానే గుంట పడింది, మార్చాను. థాంక్స్ అందరికీ. తలుపు కింద అయస్కాంతం ఒకచోట జారిపోయింది, ఆదివారం విప్పి చూస్తాను.

సైలెన్సర్:
కండెన్సర్?

మల్టీమీటర్:
పాయింట్లు మార్చాక టైమింగ్ చూశారా? ఎంత పెట్టారు?

గుంతలరోడ్డు:
అయస్కాంతం జారింది ముందు తలుపు కిందా, వెనక తలుపు కిందా? జాకీ ఎక్కే చోటికి ఎంత దూరం? ఫోటో పెట్టండి.