తాంబూలంతో నోరు పొక్కుతోంది, ఆకు నల్లబడుతోంది: ఏం చేయాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో గృహప్రవేశం, వంద మందికి తాంబూలం. ఆకులు ముందురోజే తెస్తే అంచులు నల్లబడుతున్నాయి. భోజనాల తర్వాత వేసుకున్న వాళ్లకు నాలుక పొక్కుతోందట. తప్పెక్కడుందండీ?

జవాబు 1: పొక్కడం సున్నం వల్లేనండి. కొత్తగా తడిపిన సున్నం వాడొద్దు. నీళ్లు పోసి మూతపెట్టి కొన్ని రోజులు నాననిచ్చి, పైన తేరిన నీళ్లు వంపేసి, గుడ్డలో వడకట్టాలి. ఆకు తొడిమ, కొస తుంచి, ఈనె తీసి, వెనకవైపు పెసరగింజంత సున్నం పలచగా రాయాలి. ముద్దగా ఒకేచోట పెడితే అక్కడే కాలుతుంది. కాచు (కిళ్లీలో వేసే, చెట్టు చేవ నుంచి తీసిన ఎర్రటి వగరు సారం) కొంచెం కలిస్తే ఘాటు తగ్గుతుంది. ఎర్రరంగు కూడా సున్నం, వక్క కలిస్తేనే వస్తుంది. సున్నం లేకుండా రంగు రాలేదని వక్కను తిట్టుకోవడం దండగ!

జవాబు 2: ఆకుల సంగతి: మనిషికి రెండు, అంటే 200. చిరిగినవి పోతాయి కాబట్టి 230 తెచ్చుకోండి. కట్ట విప్పి, కుళ్లిన ఆకు ఒక్కటున్నా తీసేయండి, పక్కవాటికి పాకుతుంది. నీళ్లలో ముంచి వదిలేయకండి. తడి పిండేసిన నూలుగుడ్డలో చుట్టి నీడన ఉంచితే చాలు. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మపట్టి నల్లబడతాయి. ఫ్రిజ్‌లో మరీ చల్లటి అర కూడా వద్దు. వక్కలు బేగంబజార్‌లో తీసుకుంటే ఒకటి పగలగొట్టి చూడండి, లోపల బూజు వాసనుంటే వదిలేయండి.

జవాబు 3: అతిథుల చేతికిచ్చే తాంబూలంలో వక్క ఉండాల్సిందే. నమలడానికైతే సోంపు, ఏలకులు, గుల్కంద్ పెట్టి వక్క మానేయండి. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. రోజూ నమిలేవాళ్లకు బుగ్గలు లోపల గట్టిపడి నోరు సరిగా తెరుచుకోదు.