ఆఫీసు ఒకటే, ఊళ్లు వేరు: పక్క ఊరి కిండర్‌గార్టెన్‌లో సీటు అడగొచ్చా?

జర్మనీలోని బవేరియా పల్లెల్లో ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. మ్యూనిక్ అద్దెలు భరించలేక ఈమధ్యే ఓ చిన్న ఊరికి మారాం. ఇక్కడ నాలుగు ఊళ్లు కలిసి ఒక ఫెర్వాల్టుంగ్స్‌గెమైన్‌షాఫ్ట్. అంటే ఊరికో మేయర్, ఊరికో కౌన్సిల్ ఉన్నా, ఆఫీసూ సిబ్బందీ మాత్రం అందరికీ ఒకటే. అడ్రస్ రిజిస్ట్రేషన్ అక్కడే చేయించాం, పది నిమిషాల పని.

చిక్కల్లా మా మూడేళ్ల పాప సీటు దగ్గరే. మా ఊరి కిండర్‌గార్టెన్ నిండిపోయింది. ఆఫీసున్న పక్క ఊళ్లో ఖాళీలున్నాయట. ఆఫీసులో అడిగితే, "కాగితాలు మేం చూస్తాం కానీ నిర్ణయం ఆ ఊరి కౌన్సిల్‌ది" అన్నారు. మా మేయర్‌ది గౌరవ పదవి, పగలు ఆయన ఉద్యోగం ఆయనది. గురువారం సాయంత్రం తప్ప దొరకరు.

2013 ఆగస్టు నుంచి ఏడాది దాటిన ప్రతి బిడ్డకూ సీటు చట్టపరమైన హక్కేనని తెలుసు. దాన్ని అడగాల్సింది పిల్లల సంక్షేమం చూసే జిల్లా ఆఫీసు యుగెండామ్ట్‌నని కూడా విన్నాను. నేరుగా అక్కడికెళ్తే మేయర్‌గారు నొచ్చుకుంటారేమోనని మా ఆవిడ టెన్షన్. చిన్న ఊరు కదా! ముందు ఎవరిని కలవాలి? పక్క ఊరి సీటుకు ఫీజు ఎక్కువ పడుతుందా? ఇలా సీటు తెచ్చుకున్నవాళ్లుంటే, దరఖాస్తులో ఏం రాశారో చెప్పగలరా?