అరటి నారకి నిమ్మ ఉప్పు పట్టించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రావులపాలెం బుజ్జి: గెల కోసేశాక బోదెలు గట్టు మీద కుళ్ళిపోతున్నాయని నార తీయిస్తున్నాం. మా ఆడవాళ్ళు బుట్టలు అల్లుతున్నారు. ఇబ్బందల్లా తడితోనే. వానాకాలంలో నార నీళ్ళు పీల్చి ఉబ్బి, అల్లిక వదులైపోతోంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి ఎండబెడితే ఆగుతుందంటున్నారు, నిజమేనా?

అంబాజీపేట పీచు: కొబ్బరి పీచుకి చేసి చూశాం. ఎండలో ఆరాక గరగరలాడింది. ఒక్కసారి నీళ్ళలో జాడించామో లేదో, మళ్ళీ మామూలే.

కెమిస్ట్రీ మాస్టారు, అమలాపురం: ఎండ చాలదండి. నారలో ముఖ్యమైన పదార్థం సెల్యులోజ్, దాని పొడవాటి అణు గొలుసుల వెంట హైడ్రాక్సిల్ (OH) సమూహాలుంటాయి, నీటిని పట్టుకునేవి అవే. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లంలో కార్బాక్సిల్ (ఆమ్ల) సమూహాలు మూడు. 150–160 డిగ్రీల వేడి తగిలితే అది నీటిని వదిలి అన్‌హైడ్రైడ్ అనే చురుకైన రూపంలోకి మారి, హైడ్రాక్సిల్‌తో ఎస్టర్ అనే రసాయన బంధం కడుతుంది. ఒకే అణువు రెండు గొలుసుల్ని పట్టుకుందంటే నార ఇక అంతగా ఉబ్బదు. మన రోహిణి కార్తె ఎండ కూడా 50 దాటదు కదా! ఆరిన ఆమ్లం నార మీద ఊరికే ఉంటుంది, నీళ్ళు తగిలితే దిగిపోతుంది. సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కాస్త కలిపితే చర్య త్వరగా జరుగుతుంది. అదీ తిండి పదార్థాల్లో వాడేదే, ప్యాకెట్ల మీద దాని కోడ్ ఇ339. నిమ్మ ఉప్పు ఇ330.

కొబ్బరి పీచు సంగతి వేరు. అందులో లిగ్నిన్, అంటే కట్టెకి గట్టిదనం ఇచ్చే పదార్థం, దాదాపు 40 శాతం, అరటి నారలో చాలా తక్కువ.

కడియం పూలు: మాకు దండలు కట్టేది అరటి నారతోనే. అలా వేడి పెట్టిన నార ఒకాయన ఇచ్చాడు. ముడి బిగిస్తే పుటుక్కుమంది. రంగు కూడా పసుపుగా మారింది.

కెమిస్ట్రీ మాస్టారు: తెగుతుందండి. ఆమ్లం, వేడి కలిస్తే గొలుసులే తెగుతాయి, బంధాలు ఎక్కువైతే వంగే గుణమూ పోతుంది. బుట్టకి సరే, కట్టే నారకి వద్దు. వేడి ఎక్కువైతే సిట్రిక్ ఆమ్లం కొంత అకోనిటిక్ ఆమ్లంగా మారుతుంది, పసుపు దానివల్లే.

రావులపాలెం బుజ్జి: ముందు చాకలి సోడాలో ఉడకబెట్టమంటారా?

కెమిస్ట్రీ మాస్టారు: ముందైతే మంచిదే, జిగురు వదులుతుంది. సోడా పోయేదాకా కడగాలి, లేకపోతే ఆమ్లం దానికే ఖర్చయిపోతుంది. వేడి పెట్టాక మాత్రం సోడాలో ఉడకబెట్టకండి, క్షారం ఎస్టర్ బంధాన్ని తెంపేస్తుంది. మామూలు నీళ్ళు చాలు.

రావులపాలెం బుజ్జి: ఆయ్, అర్థమైందండి. మా వీధి బేకరీ ఓవెన్ మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది, అడుగుతాను.

అంబాజీపేట పీచు: స్టీలు ట్రే మీదే తీసుకెళ్ళు తమ్ముడూ. అల్యూమినియాన్ని పులుపు తినేస్తుంది. ఎండు నార నిప్పందుకుంటే ఆగదు, పక్కనే నిలబడు.